కార్ ఇన్సూరెన్స్: గడువు దాటినా 90 రోజుల టైమ్ ఉందనుకుంటున్నారా? ఆ గ్యాప్‌లో యాక్సిడెంట్ అయితే అంతే సంగతులు!

"పాలసీ మొన్ననే అయిపోయింది.. ఇంకా 90 రోజులు టైమ్ ఉందిలే". కారున్న ఇళ్లల్లో తరచూ వినిపించే మాటే ఇది. కానీ ఆ 90 రోజుల రూల్ కాపాడేది డిస్కౌంట్‌ను మాత్రమే. గడువు తేదీ అర్ధరాత్రి దాటితే కారుకు కవరేజీ లేనట్టే.

90 రోజుల లెక్క ఇదీ..

ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే. గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయిస్తే బోనస్ ఉంటుంది.. దాటితే సున్నా. ఉదాహరణకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.12,000 అనుకుందాం. 50 శాతం బోనస్‌తో రూ.6,000 కట్టేవాళ్లు మొత్తం రూ.12,000 కట్టాల్సిందే. మళ్లీ 50 శాతానికి చేరాలంటే ఇంకో ఐదేళ్లు!

అసలు దెబ్బ ఎక్కడంటే..

మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. లేకుండా దొరికితే తొలిసారి రూ.2,000 జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదంటే రెండూ. మళ్లీ దొరికితే జరిమానా రూ.4,000. ఇది చిన్న లెక్కే. ఆ గ్యాప్‌లో కారు ఎవరినైనా ఢీకొడితే ట్రైబ్యునల్ వేసే పరిహారం ఓనర్ జేబులోంచే కట్టాలి. బాధితుడి వయసు, సంపాదనను బట్టి అది లక్షల్లో ఉండొచ్చు. తర్వాత రెన్యువల్ చేయించినా, జరిగిపోయిన ప్రమాదానికి అది వర్తించదు.

పోనీ కారు బయటికి తీయకపోతే? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఇళ్ల ముందు ఆపిన బండ్లు సైతం మునిగిపోయాయి. వరద, దొంగతనం, అగ్నిప్రమాదం.. వీటికి ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే సొంత కారుకు పైసా రాదు.

కొత్త కారు ఓనర్లూ.. ఇది చూశారా?

2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ కవర్ తప్పనిసరి అయింది. ఓన్ డ్యామేజ్ మాత్రం ఎక్కువగా ఏడాదికే ఉంటుంది. "మూడేళ్లు ఢోకా లేదు" అనుకునేవాళ్లకు రెండో ఏడాదిలోనే సగం కవరేజీ పోయిన సంగతి తెలియదు. పాలసీ పేపర్‌పై రెండు గడువు తేదీలూ విడివిడిగా ఉంటాయి. ఒకసారి చూసుకోవాలి.

గడువు దాటిపోతే ఏం చేయాలి?

* ముందు కారు రోడ్డెక్కించడం ఆపాలి. ఇన్‌స్పెక్షన్ కోసం కూడా కారు తీసుకెళ్లొద్దు.. ఇంటికే రమ్మనండి. చాలా కంపెనీలు ఫోన్‌లో వీడియో తీసి పంపినా ఓకే అంటున్నాయి.

* అంతకుముందే ఉన్న సొట్టలు, గీతలు ఇన్‌స్పెక్షన్‌లో నమోదవుతాయి. వాటికి క్లెయిమ్ రాదు.

* ఆన్‌లైన్‌లో "పాత పాలసీ ఇంకా ఉంది" అని తప్పుగా టిక్ పెట్టొద్దు. రేపు క్లెయిమ్ రిజెక్ట్ కావడానికి అదే కారణం అవుతుంది.

* డబ్బులు కట్టగానే తాళం తీయొద్దు. కొత్త పాలసీ ఏ తేదీ, ఏ టైమ్ నుంచి మొదలవుతుందో చూడాలి. ఉదయం 11కి యాక్సిడెంట్ జరిగి, పాలసీ మధ్యాహ్నం 2 నుంచి అని ఉంటే కవర్ కాదు. పాలసీలో టైమ్ రాసి ఉంటే ఆ టైమే లెక్క అని సుప్రీంకోర్టు గతంలోనే తేల్చింది.

ఫోన్ నంబర్ మారినా, కారు షోరూమ్‌లో వేరే నంబర్ ఇచ్చినా రెన్యువల్ మెసేజ్ మీకు రాదు. ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తుంది. ఆ తేదీకి నెల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.