పన్ను పీకించుకోవడానికేనా ద్వారకా నగర్?

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగితే ద్వారకా నగర్ నాలుగడుగుల దూరం. కోచింగు సెంటర్లు, బట్టల దుకాణాలు, ఆసుపత్రులు, వాటి నడుమ పళ్ళ డాక్టర్ల బోర్డులు. ఆనందపురం, పద్మనాభం, చోడవరం, నర్సీపట్నం, పాడేరు... ఏ వైపు పల్లెవాసికైనా పంటి బాధ ముదిరితే చివరికి గతి ఈ వీధులే. 2022లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది గాని, పన్నునొప్పి పట్టే దారి మాత్రం మారలేదు.

వస్తున్నది ఎప్పుడన్నదే అసలు సమస్య. లవంగం అదిమి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, మందుల షాపులో బిళ్ళలు కొని మింగి, దవడ వాచి, రెండు రాత్రులు కన్ను మూతపడకపోతే అప్పుడు బస్సెక్కుతారు. అప్పటికి డాక్టరు చేయగలిగినవి రెండే. పన్ను పీకడం, లేదా పంటి వేరు శుభ్రం చేసి, మందు పెట్టి తొడుగు వేయడం. రెండోదానికి చేతిలో డబ్బుండదు. పీకించుకుని వెళ్ళిపోతారు. ఒకరోజు కూలి, బస్సు చార్జీ, డాక్టరు ఫీజు, వాటితోపాటు ఒక పన్ను కూడా పోతుంది.

వ్యవహారం ఇంతదాకా రాకుండా చూసే ఉద్యోగం ఒకటుంది. దాని పేరు డెంటల్ హైజీనిస్టు. ఈ మాట విన్నవారు మన పల్లెల్లో ఎంతమంది? చట్టంలో మాత్రం ఇది 1948 నుంచీ ఉంది. ఆ ఏడాది వచ్చిన దంతవైద్యుల చట్టం డాక్టరుతో పాటు కట్టుడు పళ్ళు తయారుచేసే మెకానిక్కును, హైజీనిస్టును కూడా గుర్తించింది. పళ్ళకు పట్టిన గార తీయడం, శుభ్రపరచి మెరుగు పెట్టడం, నోటిని ఎలా చూసుకోవాలో చెప్పడం హైజీనిస్టు పని అని అందులో స్పష్టంగా రాశారు. ఆ చట్టం స్థానంలో మరొకటి తేవడానికి పార్లమెంటు 2023లో ఆమోదం తెలిపింది. చట్టాలు మారుతున్నాయి. పల్లెకు మాత్రం ఆ ఉద్యోగి రాలేదు.

హైజీనిస్టు పన్ను పీకరు, సిమెంటు పెట్టరు. అది డాక్టరు పని. డాక్టరు దాకా పోనవసరం లేకుండా చూడటమే వీరి పని. ఇదెలా సాధ్యమో తెలియాలంటే పాచి గురించి కొంచెం తెలుసుకోవాలి.

పొద్దున లేవగానే పళ్ళ మీద జిగురుగా తగిలేదే పాచి. అందులో ఉన్నవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. మనం తిన్న తీపిని, పిండిపదార్థాలను అవి కూడా తిని పులుసు పుట్టిస్తాయి. ఆ పులుసు పంటిపై పింగాణీ పొరను కరిగిస్తుంది. పుచ్చు అలా మొదలవుతుంది. అనకాపల్లి బెల్లమైనా, ప్యాకెట్టు బిస్కట్టయినా పంటిని అంటుకుని ఉన్నంతసేపూ ఈ పని జరుగుతూనే ఉంటుంది. రోజూ తోమితే పాచి పోతుంది. తోమకుండా వదిలేస్తే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. అదే గార. కింది ముందు పళ్ళ లోపలివైపు, పై దవడ పళ్ళ బుగ్గవైపు ఎక్కువగా పడుతుంది, లాలాజలం ఊరే చోట్లు అవి కనుక. గార పట్టాక వేపపుల్లకు లొంగదు, బ్రష్షుకూ లొంగదు. పరికరంతో తీయాల్సిందే. తీయకపోతే చిగురు వాస్తుంది, నెత్తురు కారుతుంది, నోరు కంపు కొడుతుంది. కొందరిలో చిగురు కింది ఎముక కూడా అరిగి, పుచ్చు లేని పన్ను సైతం ఊగి రాలిపోతుంది. ఇదంతా నొప్పి లేకుండా జరిగిపోతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం ఊళ్ళల్లో బలంగా ఉంది. వదులు చేసింది గారే. ఎముక అరిగిన పళ్ళను గార అడ్డుకట్టలా పట్టి ఉంచుతుంది. అది పోయాక లోపలున్న కదలిక బయటపడుతుంది. నాలుగు రోజులు చన్నీళ్ళు జివ్వుమంటాయి, తర్వాత సర్దుకుంటుంది. ఈ మాట ముందే కూర్చోబెట్టి చెప్పేవారుంటే సగం భయం పోతుంది. డాక్టరుకు ఆ తీరిక ఉండదు, బయట పదిమంది దవడలు పట్టుకుని కూర్చుని ఉంటారు. చెప్పడమే ఉద్యోగమైన మనిషి అందుకే కావాలి.

చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి. ఇటుకపొడి, బొగ్గు, గరుకు పళ్ళపొడి నిత్యం వాడితే పింగాణీ అరుగుతుంది. బజారులో పళ్ళు తెల్లబరుస్తామని ఆసిడ్ రాసేవారి జోలికి అసలే పోరాదు. రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దున తోమడం కంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, అప్పుడు పాచిదే రాజ్యం. చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళు చెడితే చక్కెర అదుపు తప్పుతుంది. గర్భిణులకు చిగుళ్ళు వాచడం మామూలేనని ఊరుకోరాదు. ఇక మచ్చలన్నీ గార కావు. నల్గొండ, ప్రకాశం పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే గోధుమరంగు చారలు ఎంత గీకినా పోవు.

వీటన్నిటినీ మించిన ముప్పు ఒకటి ఉత్తరాంధ్రలో ఉంది. అడ్డపొగ. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు మన తీరప్రాంతంలో ఆడవారిలోనే ఎక్కువగా కనిపిస్తూ వచ్చింది. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. కోస్తాంధ్రలో అంగిలి కాన్సరుకు ఈ అలవాటే కారణమని డి.జి.రెడ్డి, వి.కె.రావులు 1957లోనే రాశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరిశీలించిన నివేదిక 1971లో వెలువడింది. అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు... జబ్బు ఎన్ని మెట్లు దాటి కాన్సరవుతుందో వాటిలో కనబడింది. అంటే అడ్డుకునేందుకు వ్యవధి ఉంది. నోరు తెరిపించి చూసేవారే లేరు.

చూసి, చెబితే వింటారా అన్న సందేహానికి కూడా జవాబు దొరికింది. శ్రీకాకుళం సహా దేశంలో మూడు చోట్ల పొగాకు వాడే 36 వేల మందికి పైగా నోరు పరీక్షించి, ముఖాముఖి నచ్చజెప్పిన ఫలితాలు 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. చెప్పనివారితో పోలిస్తే, చెప్పించుకున్నవారిలో అలవాటు మానినవారు ఎక్కువని మొత్తం మీద తేలింది. సూది లేదు, ఆపరేషన్ లేదు. మాటే మందయింది. విశాఖకు అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి వచ్చింది, సంతోషం. అక్కడికి వెళ్ళే అవసరం తప్పించే మనిషి పల్లెలో కూడా ఉండాలి కదా.

నిజానికి ఈ ఉద్యోగం పుట్టిందే జనం దగ్గరకు పోవడానికి. అమెరికాలో బ్రిడ్జిపోర్టు అనే ఊళ్ళో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే పళ్ళ డాక్టరు 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్ళు శుభ్రపరచడం నేర్పాడు. 1913లో శిక్షణ తరగతులు పెట్టాడు. అక్కడ నేర్చినవారిని ఊరి బడులకు పంపాడు. న్యూజిలాండ్ 1921 నుంచి యువతులకు శిక్షణ ఇచ్చి బడుల్లో పిల్లల పళ్ళు చూడటానికి నియమించింది. మన దగ్గర ఇది క్లినిక్కు గడప దాటలేదు. క్లినిక్కుల్లోనూ అరుదే. డాక్టరు కోర్సు చదివినవారే తక్కువ జీతానికి దొరుకుతుంటే హైజీనిస్టు దేనికన్నది నగరంలో వినిపించే వాదన. ద్వారకా నగర్ వరకు అది నిజమే కావచ్చు. డాక్టరూ లేని, హైజీనిస్టూ లేని ఊరికి ఆ వాదన ఏం చెబుతుంది?

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని కేంద్రం 2014-15లో ప్రారంభించింది. దాని ఫలం పల్లె బడి దాకా రావాలంటే మండలానికి ఒక హైజీనిస్టు చొప్పున నియమించి, డాక్టరు పర్యవేక్షణలో ఊరూరా తిప్పాలి. ఏడాదికి రెండుసార్లు ప్రతి బడిలో పిల్లల పళ్ళు, ప్రతి ఊళ్ళో చుట్ట తాగేవారి అంగిళ్ళు చూడాలి. అనుమానమున్నవారిని చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాలి. దీనికి పెద్ద భవనాలు అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక దీపం, గార తీసే పరికరం, వాటిని ఒత్తిడిలోని ఆవిరితో శుద్ధి చేసే పాత్ర చాలు. ఇది రెండేళ్ళ డిప్లొమా. ఇంటర్ పాసై ఊళ్ళో ఖాళీగా ఉన్న ఆడపిల్లలకు ఇంతకంటే తగిన కొలువు ఏముంది? ఋషికొండలో, సంగివలసలో దంతవైద్య కళాశాలలున్నాయి. శిక్షణ బాధ్యత వాటికి అప్పగించే విషయం జిల్లా యంత్రాంగం పరిశీలించాలి.

నియామకాలు జరిగేలోగా గ్రామస్థులు చేయగలిగింది ఉంది. నెత్తురు కారే చిగుళ్ళు, రెండు వారాలు దాటినా మానని నోటి పుండు, అంగిలి మీద మచ్చ... వీటిలో ఏది కనబడినా నొప్పి కోసం ఎదురుచూడకుండా వెళ్ళాలి. కళాశాలల ఆసుపత్రుల్లో విద్యార్థులు అధ్యాపకుల సమక్షంలో గార తీస్తారు. ప్రయివేటు క్లినిక్కుల కంటే ఖర్చు సాధారణంగా తక్కువే. ఊళ్ళో వైద్య శిబిరం పెట్టేవారిని పంటి డాక్టరును కూడా తీసుకురమ్మని సర్పంచులు గట్టిగా అడగాలి. శిబిరానికి అడ్డపొగ తాగే అవ్వలను ముందు వరుసలో కూర్చోబెట్టాలి.