వేపుడు మీద వేసిన నింద

మన ఇళ్లలో ఎవరికి షుగర్ తేలినా, కొలెస్టరాల్ పెరిగినా మొదటి వేటు వేపుడు మీదే పడుతుంది. అన్నం కొలత మారదు. సాయంత్రం టీతో పాటు గుప్పెడు మిక్స్చర్ మారదు. ఆదివారం బిర్యానీ అసలే మారదు. బెండకాయ వేపుడు స్థానంలో మాత్రం చప్పిడి బెండకాయ వచ్చి కూర్చుంటుంది. దాన్ని ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఆరోగ్యం బాట పట్టామనుకుంటారు.

ఈ నమ్మకం వెనక పెద్ద గొంతులే ఉన్నాయి. ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజుగారు ఏళ్ల తరబడి ఉప్పూ నూనే లేని వంటను ప్రచారం చేస్తున్నారు. 2025 ఫిబ్రవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని వంటనూనె వాడకం 10 శాతం తగ్గించమని దేశాన్ని కోరారు. మధ్యలో వీరమాచనేని రామకృష్ణగారి ఆహార పద్ధతి వచ్చి, నూనె పేరెత్తితే ఉలిక్కిపడే ఇళ్లలోనే కొబ్బరినూనె తాగించింది. అటు ఆ చివరకో ఇటు ఈ చివరకో పరుగెత్తాం గానీ, మూకుట్లో ఎంత నూనె పోస్తున్నామో చెంచాతో కొలిచి చూసిన ఇల్లు అరుదు.

కొలిచి చూద్దాం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఐసీఎంఆర్ తరఫున ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అందులో 27 గ్రాముల నూనె, కొవ్వు లెక్కగట్టారు. ఇప్పుడు నలుగురికి అరకిలో బెండకాయలు వేపుదాం. మూడు టేబుల్ స్పూన్ల నూనె, అంటే సుమారు 40 గ్రాములు, బాగానే సరిపోతుంది. తలకు 10 గ్రాములు పడింది. పప్పు తాలింపుకీ, పొద్దుటి దోసెకీ ఇంకా 17 గ్రాములు చేతిలో ఉన్నాయి. ఆ 10 గ్రాముల నూనెకు 90 కేలరీలు. మారు వడ్డించుకునే అన్నం ఒక కప్పయితే 200 కేలరీల దరిదాపుల్లో ఉంటుంది. ఇందులో దోషి ఎవరో లెక్కే చెబుతోంది.

అదే మార్గదర్శకాల్లో మనం చదవకుండా దాటేసే అంకె ఇంకొకటుంది. మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. పూటకు అరకిలో తెగితే గొప్ప అనుకునే ఇళ్లు మనవి. మన కంచంలో అసలు లోటు కూరగాయలది. ఆ లోటు తీర్చే దారుల్లో వేపుడుకు సాటి రాగలవి తక్కువ. మూకుడు నిండా పోసిన దొండకాయ ముక్కలు దించేసరికి సగానికి సగం అవుతాయి. పోయింది నీరు, పీచు ఎక్కడికీ పోలేదు. గిన్నెడు కాయ నాలుగు ముద్దల్లో లోపలికి వెళ్తుంది. పిల్లలు మళ్లీ అడుగుతారు. చప్పిడి కూర కంచం అంచునే మిగిలిపోతుంది, దాని బదులు ఆవకాయ కలుపుకుంటారు. ఆవకాయ మీద తేలే నూనెను మాత్రం ఎవరూ లెక్కలో రాయరు.

పైగా కూరగాయల్లోని మంచి అంతా నీళ్లతో ఒంటికి పట్టేది కాదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. క్యారెట్లో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్లు ఒంటబట్టాలంటే తోడుగా కాస్త కొవ్వు పడాలి. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే కానీ సూటిగా ఉంది. పాలకూర, టమాటా, క్యారెట్ కలిపిన సలాడ్‌ను కొవ్వు బొత్తిగా లేకుండా తిన్నప్పుడు కెరోటిన్లు రక్తంలోకి దాదాపు చేరనే లేదు, నూనె కలిపినప్పుడు చేరాయి. ఉడకబెట్టి నీళ్లు వార్చేసే ఇళ్లలో ఇంకో నష్టం కూడా ఉంది. నీటిలో కరిగే సి విటమిన్, ఫోలేట్ చాలావరకు ఆ నీళ్లతోపాటు తూములోకి పోతాయి. పొయ్యి వేడికి సి విటమిన్ వేపుడులోనూ కొంత పోతుంది, నిజమే. వార్చి పారబోయడమన్నది మాత్రం చాలా వేపుళ్లలో లేదు.

మరి వేపుడుకు ఈ చెడ్డపేరు ఎందుకొచ్చింది? ఫంక్షన్ హాళ్ల వల్ల. అక్కడ బెండకాయను బాణలి నిండా కాగిన నూనెలో ముంచి తీసి, వేయించిన పల్లీలు, జీడిపప్పు చల్లి వడ్డిస్తారు. కొన్నిచోట్ల అదే నూనె మర్నాటికి కూడా పనికొస్తుంది. ఇలా కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాయడం ప్రమాదం కాబట్టే, కాగేకొద్దీ నూనెలో పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి నిబంధన అమలు చేసింది. ఆ తప్పుకు శిక్ష ఇంటి మూకుట్లో మూడు చెంచాల నూనెకు పడుతోంది.

ఇంట్లో కూడా వేపుడు నూనె ఓడుతోందంటే కారణం వంటకంలో లేదు, వండే తీరులో ఉంది. ముక్కలో నీరున్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల దగ్గరికి చేరాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించిన చర్య అదే. మామూలు నీటిని మరుగు దాకా తెచ్చే వేడి ఒక ఎత్తయితే, దాన్ని ఆవిరి చేయడానికి అంతకు ఏడు రెట్ల దాకా కావాలి. మనమేమో ఇరుకు గిన్నెలో ముక్కలు కుక్కి, మూత పెట్టి, వేగడం లేదని ఇంకో గరిటెడు నూనె పోస్తాం. ఆ నూనె నీటిని తరిమేది కాదు. వెడల్పాటి మూకుడు, ముక్కల మధ్య ఖాళీ, సరిపడా మంట, ఇవే తరుముతాయి.

బెండకాయలనే చూడండి. కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే తరగాలి. తరిగాక నీళ్లు తగిలాయా, జిగురు పొంగుతుంది. ఇనప మూకుడు కాగాక నూనె, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు. ముక్కలు పలచగా పరుచుకునేంతే వేయాలి. మూత వద్దు, ఉప్పు అప్పుడే వద్దు, అది ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. మొదట్లో అట్లకాడతో ఎత్తితే తీగలు సాగుతాయి. కంగారుపడి కలియబెట్టారంటే ముక్క చితికి ముద్దవుతుంది. వదిలేస్తే తీగలు తెగుతాయి, చక్రాల అంచులు ముడుచుకుంటాయి, బుసబుసలాడిన మూకుడు సన్నగా చిటపటమంటుంది. ఆ చప్పుడు మారాకే ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి.

అన్ని కాయలకూ ఇదే మంత్రం పారదు. వంకాయ ముక్క నిండా గాలి గదులే. పచ్చిగా వేస్తే పోసిన నూనెంతా తాగేసి, మెత్తబడ్డాక కక్కుతుంది. చెంచాడు నూనెతో, ఉప్పు వేసి, మూతపెట్టి మగ్గనిస్తే ఆ గదులు కూలిపోతాయి, ఆపైన పోసే నూనె సగం చాలు. దొండకాయ ముందు మూత కింద మగ్గాలి, తర్వాత మూత తీసి వేగాలి. అరటికాయను పసుపు నీళ్లలో సగం ఉడికించి వారిస్తే మూకుట్లో ఆలస్యం చేయదు. మన వంటిళ్లలో తరతరాలుగా ఉన్న ఈ తెలివిని వదిలేసి, నూనె సీసాను తిట్టుకోవడం దేనికి?

ఇంత ఓపిక ఎవరిది, ఆ పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు అని అడిగితే, న్యాయమైన ప్రశ్నే. ఎప్పుడూ ఇల్లాలే నిలబడాలని ఏ మూకుడూ అడగలేదు, అట్లకాడ ఎవరి చేతిలోనైనా ఇముడుతుంది. అదీగాక వేపుడుకు కావలసింది కలపడం కంటే కలపకుండా ఉండడమే. పక్క పొయ్యి మీద పప్పు ఎనిపేలోపు అదే వేగుతుంది.

మాడిన వేపుడును ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. బంగాళాదుంపలాంటి పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటించి వేపితే ఆక్రిలమైడ్ ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కాబట్టి ఆలూ బంగారు రంగు దగ్గరే ఆగాలి. ఎయిర్ ఫ్రయర్ కొనుక్కున్నవాళ్లు సంతోషంగా వాడుకోవచ్చు. అది వేడిగాలి ఊదే చిన్న ఓవెన్, అంతే. తాలింపు పెట్టడానికి మళ్లీ పొయ్యి దగ్గరికే రావాలి.

జబ్బున్నవాళ్లకు డాక్టరు చెప్పిన నూనె కొలత శిరోధార్యం. ఆ కొలతలోంచి ముందు బజ్జీని, మిక్స్చర్‌ను, చిప్స్ పొట్లాన్ని, వారానికోసారి పూరీని తీసేయండి. అప్పటికీ లెక్క కుదరకపోతే వేపుడులో ఒక చెంచా తగ్గించండి. నూనె మానేశామన్న తృప్తి కోసం ఇవాళ మనం కూరగాయలకే నీళ్లొదులుకుంటున్నాం. ఆ బేరంలో ఒంటికి మిగిలే లాభమేమీ లేదు.