తరంగాల పొందిక యోగసిద్ధి కాదు

ధ్యానం వల్ల మెదడు తరంగాల మధ్య పొందిక పెరుగుతుందనీ, ఆ పెరుగుదలే మనసు క్రమపడిందనడానికి శాస్త్రీయ నిదర్శనమనీ 1970ల నుంచి మహర్షి మహేశ్ యోగి అనుయాయులు చేస్తున్న వాదం యోగ ప్రచారకులలో చాలామందికి స్వతస్సిద్ధ సత్యమైపోయింది. జనవరి యోగోత్సవాలకు పేరొందిన పుదుచ్చేరిలోనైనా దీన్ని నిలదీయవలసి ఉంది.

నాడీశాస్త్రజ్ఞులు కొహెరెన్స్ అనే ఈ పొందిక, తలపై రెండుచోట్ల అమర్చిన ఎలక్ట్రోడ్లకు అందే సంకేతాలు ఒక నిర్దిష్ట పౌనఃపున్యంలో ఎంత స్థిరమైన సంబంధంతో నడుస్తున్నాయో సున్నా నుంచి ఒకటి వరకు చెప్పే గణిత ప్రమాణం మాత్రమే. ఒకే మూలం నుంచి పుట్టిన విద్యుత్తు పుర్రె గుండా రెండు ఎలక్ట్రోడ్లకూ పాకినా ఆ అంకె పెరుగుతుంది. మెదడు భాగాలు ఒకదానితో ఒకటి సహకరించాయని అది రుజువు చేయదు. పైగా, పిల్లలకు కొన్ని క్షణాలు స్పృహ తప్పే ఆబ్సెన్స్ మూర్ఛలో సెకనుకు దాదాపు మూడేసి అలలు మెదడంతటా ఒక్కసారిగా లేస్తాయి. పార్కిన్సన్ వ్యాధిలో బీటా తరంగాల అతి సమకాలికత కదలికల మాంద్యంతో ముడిపడి ఉంటుంది. పొందికే క్షేమమైతే ఈ రోగులందరూ సిద్ధపురుషులు కావాలి! అలాగని ఈ పోలికను చూపి ధ్యానం మూర్ఛకు దారితీస్తుందని బెదిరించేవారి మాటా నిలవదు. లక్షణం కలిసినంత మాత్రాన కారణమూ ఫలితమూ ఒకటి కావు.

1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరి చేరిన శ్రీ అరవిందులు, అంతకు రెండేళ్ల ముందు బరోడాలో యోగి విష్ణు భాస్కర్ లేలే సాన్నిధ్యంలో మనోనిశ్శబ్దాన్ని పొంది, ఆ నిశ్శబ్దంలోంచే ఉపన్యాసాలూ రచనలూ సాగాయని చెప్పుకున్నవారు. అయినా, 1933లో వెలువడిన ‘ది రిడిల్ ఆఫ్ దిస్ వరల్డ్’లో, అబ్బురపరిచే అనుభవాలను పరమసిద్ధిగా పొరబడి సాధకుడు దారితప్పే మధ్యమ మండలం గురించి ఆయనే గట్టిగా హెచ్చరించారు. అనుభవాన్నే తొందరపడి నమ్మవద్దన్న చోట, దాని వెంట నడిచే విద్యుత్తును సిద్ధికి పత్రంగా చూపడం విడ్డూరం.

ఇదే పట్టణంలో జిప్మర్ వైద్యసంస్థ శరీరధర్మశాస్త్ర పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో, 12 వారాల యోగ శిక్షణ తర్వాత ప్రతిస్పందన కాలాన్నీ, ఊపిరి బిగబట్టగల శక్తినీ, చేతిపట్టు బలాన్నీ కొలిచారు. ఇవి నిరాడంబరమైన కొలతలే అయినా, మనిషికి ఏం ఒరిగిందో చెప్పగలవు. ధ్యాన శిబిరాలు మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ గీతలను చూపినప్పుడు పాఠకులు ఇలాంటి ఫలితాలనే అడగాలి; మూర్ఛకు మందులు వాడేవారు మాత్రం ఏ గీతలను చూసీ, వైద్యుని అడగకుండా ఆ మందులను మానకూడదు.