మూడో పిన్ను విరగ్గొట్టకండి

వేంపల్లెలో ఒక రిపేరు అంగట్లో ఈ వారం చూసిన బోర్డు నా మనసులోంచి పోవడం లేదు. బోరు మోటారు స్టార్టరు ప్యానెల్లోది. ఎవరో పిల్లోడు ఇంట్లో బాగుచేయబోయి, రిలే ఊడదీసేటప్పుడు కింది రాగి ట్రాకును కూడా లేపేశాడు. ‘‘వాని చేతిలో తప్పు లేదన్నా, సోల్డరింగ్ ఐరన్‌తోనే వచ్చింది తంటా’’ అన్నాడు మెకానిక్కు. చిన్న రిలే కోసం బోర్డు మొత్తం పోయింది, చీనీ తోటకు తడి ఆగింది.

మెకానిక్కు మాట అక్షరాలా నిజం. మన దగ్గర ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లల చేతికి ముందు వచ్చేది 25 వాట్ల మామూలు ఐరన్. దానికి వేడిని అదుపు చేసే ఏర్పాటు ఉండదు. ఊరికే పెట్టి ఉంచితే చివరనున్న బిట్టు అవసరానికి మించి కాగిపోతుంది. వెడల్పాటి రాగి ఉన్న చోట ఆనిస్తే చప్పున చల్లారుతుంది. అతికించే లెడ్ కరగలేదని పిల్లోడు ఇంకా అదిమి పట్టుకుంటాడు, రాగిని బోర్డుకు పట్టి ఉంచిన జిగురు వదిలేస్తుంది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న లెడ్ 183 డిగ్రీలకే కరుగుతుంది. బిట్టును 330, 350 డిగ్రీల మధ్య నిలబెట్టగలిగితే మామూలు అతుకు రెండు మూడు సెకన్ల పని. అలా నిలబెట్టడానికే సోల్డరింగ్ స్టేషన్ కావాలి.

కొనేవాళ్లేమో డబ్బా మీద వాట్లు, ఎర్రగా వెలిగే అంకెలు చూసి మోసపోతున్నారు. అంకె 350 చూపినంత మాత్రాన మొన మీద 350 ఉంటుందా? 936 రకం స్టేషన్‌లో సెరామిక్ హీటరు వేరు, దానికి తొడిగే బిట్టు వేరు. మధ్యలో సందు ఉంటుంది, వేడి అక్కడే జారిపోతుంది. జపాను కంపెనీ హక్కో ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసింది. ఇప్పుడు ఆ అంకె వేసుకుని వచ్చే కొత్త సరుకంతా నకళ్లే. టీ12 రకంలో హీటరు, సెన్సరు, మొన ఒకే కడ్డీలో ఉంటాయి. పెద్ద అతుకు మీద పెట్టినా పోయిన వేడిని వెంటనే అందుకుంటుంది. ఈ బిట్లు పట్టే స్టేషన్లు ఐదు వేల లోపే దొరుకుతున్నాయి. నన్నడిగితే కొనాల్సింది ఇదే.

బిట్టు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. సూది మొన కొనొద్దు, ఉలి మొన కొనండి. సూది మొన అతుకును తాకేదే ఆవగింజంత, ఇక వేడి ఎట్లా దిగుతుంది? నల్లబడిందని బిట్టును సాండ్ పేపరుతో రుద్దేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పైనున్న ఇనుప పూత పోయిందంటే లోపలి రాగిని లెడ్ తినేస్తుంది. ఇత్తడి పీచులో తుడిచి, కొంచెం లెడ్ అంటించి పక్కన పెడితే చాలు. అన్నట్టు, లెడ్ ముట్టిన చేతులతో అన్నం తినొద్దు. సీసం ఒంట్లోకి చేరేది ఎక్కువగా ఆ దారినే.

వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008 నుంచి ఉంది. కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ క్లస్టరే ఉంది. అలాంటి చోట ఒక మంచి బిట్టు కోసం ఆన్‌లైన్‌లో పెట్టుకుని పార్శిలు కోసం ఎదురుచూడాల్సి రావడం ఏం న్యాయం?

నన్ను అంతకంటే మండించేది ఎర్తు. ఆ అంగట్లో స్టేషన్ మంచిదే ఉంది. గోడకు రెండు బొక్కల ప్లగ్గే ఉందని దాని మూడో పిన్ను విరగ్గొట్టారు. బిట్టు మొన ఎర్తుకు కలిసేది ఆ పిన్ను గుండానే. అది లేకుంటే లీకేజీ మొన దాకా వచ్చి మాస్‌ఫెట్లు, ఐసీలు దెబ్బతింటాయి. కొన్ని అప్పటికప్పుడు పోవు. నెల తర్వాత సెట్టు తిరిగొస్తుంది, మాట పడేది మెకానిక్కు. గోడలో ఎర్తు వైరే వేయని అంగడికి నెలనెలా బాడుగ మాత్రం తప్పకుండా వసూలవుతుంది. ముందు వైపు గ్రానైటు పరిపించే ఓనరుకు, ఉప్పూ బొగ్గూ వేసి ఒక ఎర్తు గుంత తీయించడానికి చేతులు రావు. మనది రాతి నేల, ఎండాకాలం గుంత ఎండిందంటే రాడ్డు ఉన్నా లేనట్టే. ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే జిల్లుమనే ఇళ్లలోనూ తరచూ ఇదే కథ.

అంగడి బాడుగకు తీసుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు చూపించుకోండి. ఓనర్లు ఈ ఎండాకాలం గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లయినా పోయించండి.