అల్మారాలో బండికి గేర్లెందుకు?

ఈ మధ్య మన ఐటీ జనాల టేబుళ్ళ మీద ఒక కొత్త దేవుడు వెలిశాడు. లెగో టెక్నిక్ బండి! మానిటర్ పక్కన ఓ ఎర్ర కారో, పసుపుపచ్చ పొక్లెయినో కొలువుదీరి ఉంటుంది. "ఎన్ని రోజులు పట్టింది గురూ?" అంటే "రెండు వీకెండ్లు" అని గర్వంగా చెబుతారు. "మోటారు ఉందటగా, ఎంత బరువు లాగుతుంది?" అంటే మాత్రం మనవైపు వింతగా చూస్తారు. లాగడమేంటి? దుమ్ము దులపడానికే చేతులు వణుకుతుంటే!

సరే, సొంత డబ్బు, సొంత టేబులు. పెద్దవాళ్ళ సరదాతో నాకేం తగాదా లేదు. నా తగాదా అల్లా ఇదే బుద్ధిని పిల్లల దగ్గరికి, అందులోనూ మన ఊళ్ళలో సర్కారు బడి పిల్లల దగ్గరికి మోసుకెళ్తున్నందుకు.

మాది గోనెగండ్ల పక్క. ఎమ్మిగనూరు దగ్గర, గాజులదిన్నె ప్రాజెక్టు ఉన్న మండలం అంటే కర్నూలు జిల్లా వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. నిరుడు మా వైపు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళం పదిమందిమి తలా కొంత వేసుకుని ఓ ఊరి హైస్కూలుకి (పేరు అనవసరం) మోటార్లున్న ప్లాస్టిక్ ఇటుకల కిట్లు రెండు కొనిచ్చాం. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. పిల్లలు మాన్యువల్లో బొమ్మలు చూసుకుంటూ మధ్యాహ్నానికల్లా ఓ లారీని నిలబెట్టేశారు. చప్పట్లే చప్పట్లు. ఆ తర్వాత తొమ్మిదో తరగతి పిల్లోడొకడు అట్టముక్కని మెట్టుకి వాల్చి, దాని మీదికి లారీని వదిలాడు. సగం ఎక్కి ఆగిపోయింది. మోటారు మూలుగుతోంది కానీ చక్రం తిరగట్లేదు. "మిట్ట ఎక్కల్యా సార్" అన్నాడు వాడు.

నన్నడిగితే ఆ రోజు మొత్తం మీద జరిగిన ఇంజనీరింగు ఆ మూడు మాటలే. అంతలోనే "ఏయ్, చెడిపోతాది, తియ్యి" అని ఎవరో అరవడం, లారీ పెట్టెలోకి పోవడం జరిగిపోయాయి. సంక్రాంతికి వెళ్ళి చూస్తే పెట్టె అల్మారాలో ఉంది. అల్మారాకి తాళం. అధికారులొచ్చినప్పుడు మాత్రం బయటికి తీస్తారట, ఊరేగింపు విగ్రహం లాగ :-)

అక్కడి సారునడిగితే "ముక్కలు పోతే ఎవురు లెక్క చెప్పల్లప్పా?" అన్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన్ని తప్పుపట్టలేం. స్టాక్ రిజిస్టరులో "కిట్లు: 2, ముక్కలు: ఇన్ని" అని ఎక్కాక పోయిన ప్రతి ముక్కకీ జవాబుదారీ ఆయనే. తాళమేస్తే ఏ తలనొప్పీ లేదు. తాళం తీస్తే అన్నీ తలనొప్పులే. మీరైనా నేనైనా అదే చేస్తాం. ప్రొడక్షన్ సర్వర్ పాస్‌వర్డ్ ఫ్రెషర్ చేతిలో పెడతామా ఏంటి?

కానీ బొమ్మ లారీ ప్రొడక్షన్ సర్వర్ కాదు కదండీ! అది పగలగొట్టుకోవడానికే పుట్టిన టెస్ట్ మెషీను.

అసలు ఆ లారీ ఎందుకాగిపోయిందో చూద్దాం. 2007లో లెగో తెచ్చిన పవర్ ఫంక్షన్స్ వరసలో ఎం మోటారు అని ఒకటుండేది. ఇప్పుడు తయారీ ఆపేశారు గానీ మన లెక్కకి బాగా పనికొస్తుంది. బరువేమీ లేకపోతే నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతుంది. దాన్ని నేరుగా 62 మిల్లీమీటర్ల టైరుకి తగిలిస్తే, ఒక చుట్టుకి దాదాపు 19.5 సెంటీమీటర్లు, అంటే నిమిషానికి 78 మీటర్లు. నున్నటి బండల మీద బ్రహ్మాండంగా పరిగెడుతుంది. మిట్ట వస్తే చతికిలబడుతుంది. ఇప్పుడు మోటారు వైపు 8 పళ్ళ గేరు, చక్రం వైపు 24 పళ్ళ గేరు పెట్టండి. వేగం మూడో వంతుకి, 26 మీటర్లకి పడిపోతుంది. తిప్పే బలం మాత్రం రాపిడికి పోగా దాదాపు మూడింతలవుతుంది. ఎమ్మిగనూరు జాతరలో బండలాగుడు చూసిన పిల్లోడికి ఈ సంగతి వేరే చెప్పాలా? అక్కడ ఎద్దులు పరిగెత్తక్కర్లేదు, బండ కదలాలి, కదిలి ఎన్ని అడుగులు పోయిందన్నదే లెక్క.

కథ అక్కడితో అయిపోతే దీన్ని ఇంజనీరింగు అని ఎందుకంటాను? గేరు మార్చి మళ్ళీ మిట్ట ఎక్కించండి. ఈసారి లోపల్నుంచి కటకటమని చప్పుడు. బలం పెరిగేసరికి గేర్లని పట్టుకున్న కడ్డీలు విచ్చుకుని, 8 పళ్ళ గేరు పన్ను జారిపోతోంది. అడ్డంగా ఇంకో కడ్డీ వేసి బిగించాలి. బిగించారా? ఇప్పుడు పొడుగాటి ప్లాస్టిక్ యాక్సిల్ తాడులా మెలిపడుతుంది. ఒక బగ్గు తీస్తే దాని కింద ఇంకోటి, అచ్చం మన పని లాగే. యాక్సిల్ మెలిపడకుండా ఏం చెయ్యాలి? వేగం తగ్గించే గేర్లని మోటారు పక్కన కాకుండా చక్రం పక్కన పెట్టాలి. అప్పుడు పొడుగాటి యాక్సిల్ మీద తక్కువ బలమే పడుతుంది, బలం పెరిగేది చివర్లో. ఇదేమీ బొమ్మల్లో చేసే చిట్కా కాదు. ట్రాక్టరు వెనక చక్రాల దగ్గరుండే ఫైనల్ డ్రైవ్ చేసే పని కూడా ఇదే.

ట్రాక్టరంటే గుర్తొచ్చింది. మాది నల్లరేగడి. వాన పడ్డాక చేలో ట్రాక్టరు ఒక చక్రం దిగబడితే ఆ చక్రమే గిర్రున తిరుగుతూ ఉంటుంది, గట్టినేల మీదున్న రెండోది కదలదు. డిఫరెన్షియల్ చేసే పెత్తనం అది. డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటికొస్తుంది. మా ఊళ్ళల్లో పదో తరగతి తప్పిన వాడిక్కూడా తెలిసిన విద్య ఇది. బొమ్మలోనూ ఇదే జరుగుతుంది. డిఫరెన్షియల్ పెట్టిన లారీని గులకరాళ్ళ మీదికి వదిలితే, గాల్లోకి లేచిన చక్రం తిరుగుతుంది, బండి నిలబడిపోతుంది. వాళ్ళన్న చేలో చేసే పనినే పిల్లోడు నాలుగు గేర్లతో చేసి చూసుకోవచ్చు. డిఫరెన్షియల్ గురించి నేను ఇంజనీరింగులో ఓ సెమిస్టరంతా చదివాను. ప్రశ్నకి పదహారు మార్కులు, బొమ్మ గీస్తే చాలు. తిరిగేది మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

మా స్నేహితుల్లో ఓ వర్గం వాదన వేరే ఉంది. "ముందు మాన్యువల్ ప్రకారం సరిగ్గా చెయ్యడం నేర్చుకోనీ, మార్పులు తర్వాత" అంటారు. ఒప్పుకుంటాను, కానీ ఒక్కసారికే. ఏ పిన్ను ఎక్కడ పట్టుకుంటుందో, ఏ యాక్సిల్ ఎందులో దూరుతుందో తెలియడానికి ఒకసారి మాన్యువల్ కావాలి. రెండోసారి కూడా మాన్యువలే అంటే అది కాపీరాత పుస్తకం. పైగా మాన్యువల్ దేవుడు రాసింది కాదు. లెగో వాళ్ళు 2016లో 2,704 ముక్కలతో పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్ తెచ్చారు. దాని గేర్‌బాక్సులో గేర్లు 1-2-3-4 వరసలో పడాల్సింది 1-3-2-4 వరసలో పడుతున్నాయని కొన్నవాళ్ళే కనిపెట్టారు, సరిచేసుకునే దారీ వాళ్ళే వెతుక్కున్నారు. పేజీ వెంట పేజీ తిప్పి, చివరి ముక్క నొక్కి, టేబుల్ మీద పెట్టేసిన వాడికి ఆ తేడా జన్మలో తెలియదు. గేర్‌బాక్సు బాడీ లోపలుంటుంది, బయట నుంచి కారు చూడముచ్చటగానే ఉంటుంది. కంపైలైంది కాబట్టి డెలివరీ ఇచ్చేశాం అన్నట్టన్నమాట.

ఇంకో వర్గం ఉంది. "ఇవన్నీ డబ్బున్నోళ్ళ బొమ్మలు, పల్లెటూరి పిల్లలకెందుకు?" అంటారు. ధర మాటకొస్తే వాళ్ళన్నది నిజమే. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. కానీ "ఎందుకు?" అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. జొన్న బెండ్లతో ఎద్దులబండి చేసిన పిల్లలండీ వీళ్ళు! దంటు పెచ్చు చీల్చి, లోపలి బెండుని కోసి, పెచ్చునే మేకుల్లాగ గుచ్చి, కాడీ చక్రాలతో సహా నిలబెట్టేవాళ్ళు. తెగిపోయిన హవాయి చెప్పుని గుండ్రంగా కోస్తే చక్రాలు తయారు. చక్రం వంకరపోతే ఇంకో చెప్పు కోసుకునేవాళ్ళు, మాన్యువల్ ఎవడిచ్చాడు? పంటని బట్టి గొర్రు చెక్కల మధ్య ఎడం మార్చే వడ్రంగి పక్కన కూర్చుని పెరిగిన ఊళ్ళు ఇవి. మార్చడం, మెరుగుపెట్టడం వీళ్ళకి మనం నేర్పాల్సిన విద్య కాదు. అలాంటి వాళ్ళకి ఖరీదైన పెట్టె తెచ్చిచ్చి, ముట్టుకోవద్దని నేర్పింది మనం!

సర్కారు సంగతీ చెప్పుకోవాలి. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల దాకా ఇస్తారు. దేశమంతా కలిపి పదివేల ల్యాబులు పెట్టారు. 2025 బడ్జెట్లో అయిదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో 50 వేల ల్యాబులన్నారు. మంచి ఆలోచన, కాదనను. టింకరింగ్ అంటే మన భాషలో కెలకడం. కెలికితే కొన్ని పోతాయి, కొన్ని విరుగుతాయి. ల్యాబు పేరులోనే కెలకడం పెట్టుకుని, ఒక్క ముక్కా పోకూడదనే రిజిస్టరు పక్కన పెడితే ఎలా? ల్యాబు బాగుందా లేదా అని చూడ్డానికొచ్చేవాళ్ళు పెట్టెలు లెక్కపెట్టడం మాని, అరిగిపోయిన గేర్లెన్నో అడగాలి. కొత్తదనం చెడని కిట్టు కనిపిస్తే అదీ నిలదీయాల్సిన సంగతి.

ఇక మన సంగతి. కిట్లు కొనిచ్చే ఉత్సాహం మన వాళ్ళలో బోలెడుంది, నిజంగా మంచి మనసే. కాకపోతే ఈసారి ఇచ్చే కాగితం మీద ఒక వాక్యం రాయించండి: ఈ సామాను వాడకంలో పోవడానికి, విరగడానికి ఇస్తున్నాం, సుద్దముక్కల్లాగ ఖర్చు కింద రాసుకోండి అని. అప్పుడు ఆ సారు నెత్తిన బరువు దిగుతుంది. పదిమంది డబ్బూ ఒకే మెరిసే పెట్టెకి పెట్టకండి. సగం డబ్బుతో కిట్టు, మిగతా సగంతో విడి గేర్లు, యాక్సిళ్ళు, పిన్నులు కొనండి. లెగో మోటారు పోతే అంత ఖర్చు మళ్ళీ ఎవరు పెడతారంటారా? ఎలక్ట్రానిక్స్ షాపుల్లో బీఓ మోటార్లని పసుపుపచ్చవి దొరుకుతాయి, ఒక్కోటి వంద రూపాయల లోపే, లోపల గేర్లతో సహా. ఓ రబ్బరు గొట్టం ముక్కతో యాక్సిల్‌కి తగిలించుకునే తంటా ఏదో పిల్లలే పడతారు. దానికి చతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ మాత్రం పెట్టకండి. అంత కరెంటు ఇవ్వలేదు, మోటారు తగిలించగానే నీరసపడుతుంది. నాలుగు ఏఏ సెల్లులు నయం.

కిట్టిచ్చే రోజు సభ కూడా ఇంకోలా చెయ్యొచ్చు. లారీ చేసి చూపించమని అడక్కండి. ఓ చెక్కపలకని వాల్చి పెట్టి, ఇసుక నింపిన నీళ్ళ సీసా ఒకటి లారీకి కట్టి, "దీన్ని పైకి లాగండి" అని వదిలేయండి. బండలాగుడు చూసిన ఊరు కదా, రూల్సు ఎవరూ చెప్పక్కర్లేదు. లాగిన దూరం సుద్దతో గీత గియ్యండి. రెండోరోజు ఆ గీత దాటినవాళ్ళది గెలుపు. వచ్చిన పెద్దమనుషులకి ఫొటోలు అంత బాగా రావు, కిట్టు విప్పేసి ముక్కలు ముక్కలుగా పడుంటుంది కాబట్టి. అందుకు నేనేం చెయ్యలేను.

సంక్రాంతికి ఊరెళ్ళే వాళ్ళు 8 పళ్ళ గేర్లు మాత్రం కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి. ముందు పోయేవీ, ముందు అరిగేవీ అవే.