చక్రాల కుర్చీకి సెల్యులర్ జైలు దారేది?

1906లో పూర్తయిన అండమాన్ సెల్యులర్ జైలు మనిషిని మనిషి నుంచి విడదీయడానికే కట్టింది. 1979లో అది జాతీయ స్మారకమైంది. కానీ కట్టడం మూడంతస్తులు. సావర్కర్‌ను ఉంచిన గది పైన ఉంది. మెట్లెక్కలేనివారి మాటేమిటి?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 పాత ప్రజా భవనాలకూ ఐదేళ్ల గడువు పెట్టింది. 2017 నాటి నిబంధనల లెక్కన అది 2022లోనే ముగిసింది. ప్రైవేటు హోటళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 15వ నిబంధనను కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమంది.

వారసత్వం పేరుతో తప్పించుకోలేం. గోడలు పగలగొట్టకుండానే ర్యాంపులు, తొలగించగల లిఫ్టులు పెట్టొచ్చు. పై గదిని కింద తెరపై చూపడం ఊరట మాత్రమే, ప్రవేశం కాదు. స్వేచ్ఛకు గుర్తుగా నిలిచిన చోట గడప దాటడం అందరి హక్కు.