తప్పిపోయినోన్ని చూసి నవ్వకుండ్రి

పోయిన ఆదివారం మన క్యాంపు తమ్ముడొకడు సిటీలో తప్పిపోయిండు. వచ్చి నెల కూడా కాలేదు. రాత్రి పదకొండున్నరకు ఎవరో బంగ్లాదేశ్ డ్రైవరు తెచ్చి గేటు దగ్గర దించిపోయిండు. పొద్దున లేచేసరికి వాని ఫొటో రూము గ్రూపులో ఉన్నది, కింద నవ్వుడు బొమ్మలు ఇరవై. "ఊర్లె బర్రెలు కాసినోనికి మెట్రో ఎందుకురా" అని ఒక అన్న రాసిండు. ఆ అన్నకు, నవ్విన ఇరవై మందికి ఈ పోస్టు. పొడుగుంటది, ఓపిక చేసుకొని చదువుండ్రి.

ముందుగాల వాడు ఎట్ల తప్పిపోయిండో వినుండ్రి. రూముల పెద్దమనిషి "వచ్చేటప్పుడు రషీదియాల దిగు, అక్కడ బస్సు దొరుకుతది" అని చెప్పి పంపిండు. యూనియన్ స్టేషన్‌లో తమ్ముడు బోర్డు మొత్తం చదివిండు. రషీదియా ఎక్కడా లేదు. ఎట్లుంటది? ఆ స్టేషన్ పేరు సెంటర్‌పాయింట్ అని మారి ఏండ్లయింది. మనమే ఇంకా రషీదియా, రషీదియా అంటున్నం. వాడు అటు చూసి ఇటు చూసి జనం ఎక్కువున్న బండి ఎక్కిండు. అది జబల్ అలీ దిక్కు, అంటే పూర్తిగా ఉల్టా పోయింది. భయమై వాట్సాప్‌లో కాల్ చేసిండు. వాట్సాప్ కాల్ ఈ దేశంలో కలవదని వానికి ఎవరు చెప్పిండ్రు? ఆరుసార్లు చేసి, రూమోళ్లు కావాలనే ఎత్తుతలేరని అనుకున్నడు పాపం.

తప్పు పేరు చెప్పింది మనం. నవ్వింది మళ్ల మనమే.

నా సంగతి చెప్తా. నేను 2008ల వచ్చిన. పదో తరగతి పాసైనోన్ని, ఇంగ్లీషు కూడబలుక్కొని చదువుత. మెట్రో అప్పటికి లేదు, అది 2009 సెప్టెంబర్‌లో మొదలైంది. సెలవు శుక్రవారం ఉండేది. మూడో శుక్రవారం తలా కొంత వేసుకొని వ్యాన్‌లో దేరా పోయినం. మిగతావాళ్లు ఇంటికి పైసలు పంపే లైనులో నిలబడ్డరు. నేను ఒక్కన్నే ఖాడీ దిక్కు నడిచిన. ఒక దిర్హామ్ ఇస్తే అబ్రా, అంటే చెక్క పడవ, అవతలి ఒడ్డున బర్ దుబాయ్‌ల దించుతది. ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డున పెరిగినోన్ని, పడవ చూస్తే ఆగుతనా?

పోవుడు మంచిగనే పోయిన. వచ్చేటప్పుడే అయింది. అబ్రాలు రెండు దారుల్లో తిరుగుతయి. దేరా ఒడ్డున ఓల్డ్ సూక్ రేవు ఒకటి, సబ్‌ఖా రేవు ఒకటి. నేను ఎక్కింది ఓల్డ్ సూక్ దగ్గర. తిరిగి వచ్చేటప్పుడు తెల్వక ఇంకో పడవ ఎక్కి సబ్‌ఖాల దిగిన. అదే నీళ్లు, అసొంటి మెట్లే, అసొంటి రోడ్డే. పొద్దుగాల పెట్టుకున్న గుర్తుల ప్రకారమే నడిచిన. ప్రతి మలుపు సరిగ్గనే ఉన్నట్టు అనిపిస్తది, వ్యాన్ ఆగిన జాగ మాత్రం రాదు. నాయిఫ్ గల్లీల్లో రెండు గంటలు తిరిగిన. చీకటి పడ్డది. వ్యాన్ పోయింది.

ఒక కేఫెటేరియా మలయాళీ చాయ్ పోసి, ఏడికి పోవాలె అన్నడు. సోనాపూర్ అన్న. ఏ కంపెనీ క్యాంపు అన్నడు. హెల్మెట్ మీద ఉండే బొమ్మ గుర్తుంది గాని పేరు నోటికి రాలే. ఆయనే గోల్డ్ సూక్ బస్టాండ్‌కు దారి చూపిండు. అక్కడ నిలబడి ఒక్కొక్క బస్సు మీద సోనాపూర్ అని వెతికిన. ఎంతసేపు వెతికినా దొరకదు, ఎందుకంటే అది మనోళ్లు పిలుచుకునే పేరు. హిందీల బంగారు ఊరు అని అర్థం. (బంగారం ఎంతున్నదో అక్కడ పండుకునేటోళ్లకు తెలుసు.) సర్కారు లెక్కల దాని పేరు ముహైస్నా 2. ముహైస్నా అని రాసి ఉన్న బస్సు నా ముందు నుంచే రెండుసార్లు పోయిందని తర్వాత తెలిసింది.

క్యాంపుకు చేరినంక రెండేండ్లు నన్ను పేరు పెట్టి పిలవలే. "అరే అబ్రా" అనేటోళ్లు. ఆ సిగ్గుకు ఏడాది పాటు నేను గేటు దాటలే. ఇది ఎవరికీ చెప్పలే ఇంతవరకు. పొద్దున నాలుగున్నరకు కంపెనీ బస్సు ఎక్కుడు, సాయంత్రం అదే బస్సుల పండుకుంట వచ్చుడు. ఆ ఏడాదిలనే మాకు మూడు నెలల జీతం ఆగింది. లేబర్ ఆఫీసు ఏ దిక్కున్నదో, అక్కడికి ఎట్ల పోవాలెనో రూముల ఎనిమిది మందిల ఒక్కనికి తెల్వదు. కంపెనీ ఇచ్చినప్పుడే తీసుకున్నం.

"పని చేసేతందుకు వచ్చినవ్, తిరుగుడు ఎందుకు" అని సీనియర్ అన్నలు అంటరు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని సామెత కూడా చెప్తరు. మంచికే చెప్తరు, కాదనను. ఎండల తిరిగి పడిపోయినోళ్లను చూసినం, మోసపోయినోళ్లను చూసినం. కాని పదేండ్లు ఒక ఊర్లె ఉండి, ఆ ఊరిని బస్సు కిటికీల నుంచే చూసి, ఎయిర్‌పోర్ట్ దారి ఒక్కటే తెలిసిన మనిషిని చూస్తే నాకు భద్రంగ ఉన్నట్టు కనిపించడు. బస్సు ఎవరు నడిపితే అటు పోయేటోడే ఆయన.

2014ల ఒక రాత్రి నిర్మల్ దిక్కు అన్నకు ఛాతి నొప్పి లేచింది. 998కి ఫోన్ చేసినం. జాగ ఎక్కడ అని అడిగిండ్రు. సోనాపూర్ అన్నం. సోనాపూర్‌ల ఎక్కడ? ఫలానా కంపెనీ క్యాంపు. ఆ కంపెనీకి మూడు క్యాంపులున్నయి, ఏ క్యాంపు? ఫోన్ ఒకరి చేతుల నుంచి ఒకరి చేతులకు మారింది. అందరం ఏండ్ల సంది ఆ రూముల పండుకున్నోళ్లమే. ఆఖరుకు నేపాలీ వాచ్‌మన్ మెయిన్ రోడ్డు దాకా ఉరికి అంబులెన్స్‌ను పట్టుకొచ్చిండు. అన్న బతికిండు. వాచ్‌మన్ సెలవుల ఉంటే?

ఇంకో భయం పెడతరు కొత్త పోరగాండ్లకు. రాత్రి తప్పిపోతే కంపెనీ ఖల్లివెల్లి కేసు పెడతది అని. తమ్ముడు ఆ భయానికే పోలీసును అడగలే, నాతోని చెప్పిండు. అన్నలారా, కారణం చెప్పకుంట వరుసగా ఏడు రోజులకు మించి పనికి రాకపోతే ఆ కేసు. సెలవునాడు సాయంత్రం దారి తప్పితే కాదు. తెలిసి భయపెడుతున్నరా, తెల్వక భయపెడుతున్నరా? పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉన్నది కాబట్టి బయటికి పోవద్దు అనేది ఇంకో మాట. కార్మికుని పాస్‌పోర్టు కంపెనీ దాచిపెట్టుకునుడే ఇక్కడి చట్టం ప్రకారం తప్పు. బయటికి పోయేటోనికి ఎమిరేట్స్ ఐడీ జేబుల ఉండాలె. అది మరిచిపోయి పోతే మాత్రం తిట్టుండ్రి, నేను కూడా తిడుత.

ఊర్లె ఏజెంటు పైసలు లెక్కపెట్టుకునుడు తప్ప ఇవేం చెప్పడు. సర్కారోళ్ల ఒక రోజు శిక్షణ ఉన్నది, విజిట్ వీసా మీద ఎక్కించినోనికి అదీ లేదు. మరి చెప్పేటోళ్లు ఎవరు? ముందుగాల వచ్చిన మనమే. మనం వాడు తప్పిపోయిందాక ఆగి ఫొటో తీస్తున్నం.

ఇప్పుడు ప్రతి బిల్డింగు ద్వారం దగ్గర మకానీ అని 10 అంకెల నంబరు ప్లేటు ఉంటది. ఆ నంబరు చెప్తే పోలీసయినా అంబులెన్సయినా సీదా ద్వారం కాడికి వస్తది. నిన్న సాయంత్రం మా బ్లాకు నంబరు పెద్ద అక్షరాలతో రాసి, రూము తలుపు లోపలి దిక్కు అతికిచ్చిన. కింద 999, 998, ఇండియా కాన్సులేట్ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ 80046342 రాసిన. ముహైస్నా 2 అని తెలుగులో కూడా రాసిన.

బర్రెల మాట రాసిన అన్నా, నీకు ఒక్కటే అడుగుత. ప్లేటు దిక్కు చూడకుంట నువ్వుండే బిల్డింగు నంబరు ఈ పోస్టు కింద రాయి. పన్నెండేండ్లయింది కదా నువ్వు వచ్చి.

ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంట. తమ్ముడు వస్త అన్నడు, ఇంకా ఇద్దరు కొత్తోళ్లు వస్తున్నరు. దారి వాళ్లే అడుగుతరు, నేను వెనుక నడుస్త. ఎవరన్న వచ్చేదుంటే నోల్ కార్డుల పైసలు వేసుకొని రాండ్రి. అబ్రాకు చిల్లర నేను తెస్త. ఓల్డ్ సూక్‌ల ఎక్కి, సబ్‌ఖాల దిగుదాం.